తొలియేకాదశినాటి పిల్లిపీచర చిగుళ్ళు

ఆషాఢము ప్రవేశించి తొలకరి జల్లులు నాలుగు గురిసినంతనే వేసవి యెండలకు మాడి నిన్నటిదాక బూడిదవన్నెతో బడియున్న నల్లమల కొండచఱియలు నేడు నవపల్లవశ్యామలములై కన్నులపండువు సేయుచుండెను. సెలయేళ్ళు ఱాళ్ళసందుల గలగలలాడుచు దిగివచ్చుచుండ, పేరెఱుగని తీగెలెల్ల నేలను జీల్చుకొని తలలెత్తుచుండ, మేఘావృతంబగు ప్రాగ్దిశయందు భానుడు ముసుగు దీయుటకు సంకోచించు క్రొత్తకోడలివలె దాగిదాగి తొంగిచూచుచుండ, ఆ కొండల పాదముననున్న గుండ్లవాగగ్రహారమున జనులందఱు దొలియేకాదశీ స్నానములకై వాగునొద్దకు బోవుచుండిరి. లోకమంతయు నిట్లు చల్లబడియుండ నొక్క యింట మాత్రము పొయ్యి యెదుట గూర్చున్న యొక వృద్ధురాలి కడుపులో నిప్పులు పోసినట్లుండెను.

ఆమె పేరు భ్రమరాంబ. చిన్ననాటనే భర్తృవియోగము నొంది యేకపుత్రుడగు చెన్నకేశవుని గడుపులో బెట్టుకొని పెంచి యతనికి నాగరత్నమను సుగుణవతిని దెచ్చి పెండ్లి సేసిన యిల్లాలు. నాగరత్నము తల్లిలేని పిల్ల యగుటచే బుట్టింట బురుడు పోయు దిక్కులేక తొలికాన్పు అత్తవారింటనే జరిగెను. పండువంటి యాడుబిడ్డ పుట్టెను. పుట్టి దినములు గడచుచున్నను దల్లికి బాలు పడలేదు. ఆవుపాలలో దూదివత్తి ముంచి నోటబెట్టిన నా పసికందు చీకినట్లే చీకి మఱుక్షణమున గ్రక్కుచుండెను. చన్నిచ్చి యాదుకొను పాలిచ్చు తల్లి వేఱొకతె యగ్రహారమున నా సమయమున లేకపోయెను. మొదట నిల్లెగిరిపోవునట్లు కేరుమన్న బిడ్డ క్రమముగా గొంతు తగ్గించి యిపుడు సన్నగా మూలుగుచుండ నా మూలుగు చెవిని బడినప్పుడెల్ల భ్రమరాంబకు బై ప్రాణములు పైననే పోవుచుండెను. బిడ్డ యేడ్చుచున్నదని విసుగుకొను తల్లులారా, యేడ్చుటకు నోపికలేని బిడ్డను మీరు చూచియుండరు. చూచియుండకుందురుగాక!

పురుడు పోసిన మంత్రసాని ఓబులమ్మ ముందటిదినమున వచ్చి బిడ్డను ద్రిప్పి చూచి పెదవి విఱిచెను. "పిల్లిపీచర చిగుళ్ళు కూర జేసి పెట్టమ్మా. కడుపునిండా తిన్నాక పాలు పడకపోతే నన్నడుగు. నాన్చినావంటే మాత్రం కష్టమే" అని చెప్పిపోయెను. పిల్లిపీచర యన వైద్యులు శతావరి యని వ్యవహరించు ముండ్లతీగె. తొలకరి పడినతోడనే దాని దుంపలనుండి వ్రేలిలావున లేత మొలకలు నిటారుగా బైకి వచ్చును. నాలుగుదినము లాలసించిన నవి పీచుదేఱి పశువులైనను ముట్టవు.

చిగుళ్ళు తెమ్మన్న తల్లి మాట నోట నుండగనే చెన్నకేశవుడు కొండకు బరుగెత్తి తెల్లవాఱుసరికి మోచేతులనిండ గీఱుకొనిన రక్తపుచాఱలతో నొక మోపు దెచ్చి వంటయింటి ముంగిట బడవైచెను. భ్రమరాంబ దానిని జూచి తల గొట్టుకొనెను.

"ఒరే నాయనా, చిగుళ్ళు తెమ్మంటే కంప తెచ్చినావురా! దీన్ని దొడ్డికి కంచె వేసుకుందామా, నీ పెండ్లానికి వండి పెడదామా?"

"లోపల లేతవి ఉన్నాయమ్మా, చూడు. చీకట్లో ఏది చిగురో ఏది ముల్లో నాకేం తెలుసు?" అని యతడు దీనముగా బలికెను. ఆ ముఖము జూచి తల్లి మఱేమియు ననలేక మోపు ముందఱ జతికిలబడి యేఱుటకు బ్రారంభించెను.

లేత మొలకను గుర్తించుటకు భ్రమరాంబకు జిన్ననాటనే యబ్బిన యుపాయమొకటి గలదు. మొలకను రెండు కొసల బట్టుకొని మెల్లగా వంచవలయును. ఎచ్చట నది తనంతట తాను టప్పున విఱుగునో యచ్చటినుండి పైభాగము తినదగినది, క్రిందిది పీచు. కత్తికి దెలియని యీ భేదము వ్రేళ్ళకు దెలియును. ఆమె యొక్కొక్కదానినే వంచి విఱిచి, కొసలయందలి పొలుసుల సందున దాగిన యిసుక పోవునట్లు నీళ్ళు మార్చి మార్చి కడిగి, మొదళ్ళు కొంచెము ముదిరినవానికి గత్తిపీట యంచున బైతోలు పలుచగా జెక్కి, లేతకొసలను వేఱుగను గాడలను వేఱుగను బెట్టుకొనెను. అంత మోపునకును దుదకు మిగిలినవి దోసెడు మాత్రమే. ఆ దోసెడు చిగుళ్ళమీద నొక ప్రాణము వ్రేలాడుచుండెను.

ఇత్తడిగిన్నెలో నీళ్ళు మరుగుచుండ నామె యుప్పు వైచి మొదట గాడలను, గాడలు కొంచెము మెత్తబడిన పిదప గొసలను వైచి, మూత పెట్టిన బచ్చదనము చెడునని పెట్టక, కన్నార్పక చూచుచు గూర్చుండెను. ఉడుకు తక్కువైన బాలెంత కడుపున వాయువు పట్టును. ఎక్కువైన జిగుళ్ళు చిదికి సారము నీళ్ళపాలగును. నీళ్ళు వార్చి, మూకుటిలో నేయి కాచి జీలకఱ్ఱ చిటపటలాడించి, బాలెంత మందని యాచారమే యొప్పుకొనిన వెల్లుల్లి నాలుగు రేకలు చిదిపి వైచి, చిగుళ్ళు దొర్లించి మిరియపుపొడి చల్లెను. సరిగా నప్పుడే పురిటిగదిలో మూలుగు నిలిచిపోయెను.

భ్రమరాంబ మూకుడు విడిచి లేచి గోడకు జెవియొగ్గి నిలువబడెను. నిశ్శబ్దము. ఇంక నొక్క నిమేష మట్లే యున్న గెవ్వున నఱచియుండును. ఇంతలో మరల గీచుమని సన్నని ధ్వని వినవచ్చెను. "హమ్మయ్య! ఉన్నావా తల్లీ!" అని కన్నులు దుడుచుకొని వచ్చి పొయ్యికడ గూర్చుండి, యలవాటుపడిన చేయి తనంతట తాను జాడీలోనికి బోవ, మరల నొక గుప్పెడు కల్లుప్పు కూరలో వైచెను. వైచినట్లామెకు దెలియదు. తక్కిన దినములలోనైన నొక ముక్క యఱచేత వైచుకొని నాలుకకు దాకించి చూచునదియే. కాని నాడేకాదశి. భర్త పోయిన నాటినుండి యేకాదశినాడు మంచినీళ్ళయినను ముట్టని నిష్ఠ యామెది. రుచి చూచుట యెట్లు?

పురిటిమైల యగుటచే భ్రమరాంబ గడప దాటక యాకు లోపలికి ద్రోసెను. పాతబియ్యపు టన్నము, నేయి, నిగనిగలాడు పచ్చని చిగుళ్ళు. "అంతా తినాలమ్మాయ్. ఒక్క ముక్క మిగల్చొద్దు. బిడ్డ మొహం చూసి తిను" అని చెప్పి గడపకడనే కూర్చుండెను. నాగరత్నము మొదటి కబళము నోట బెట్టుకొని యొక్క క్షణ మాగెను. అత్తగారి వంక జూచెను. పిమ్మట దల వంచుకొని కబళము వెంట గబళము మ్రింగసాగెను. కన్నుల నీరు దిరుగుచుండుట చూచి మిరియపు గారమని భ్రమరాంబ సమాధానపడెను.

జాము గడువకమునుపే లోపలినుండి పిలుపు వచ్చెను. "అత్తయ్యా, గొంతెండిపోతోంది. గుక్కెడు నీళ్ళు ఇయ్యరా?"

ఇచ్చట నా సీమ యాచారమొకటి చెప్పవలసియున్నది. బాలెంత పచ్చియొడలికి నీళ్ళు విషమని యచటి పెద్దల నమ్మకము. ఉదయమున నొక యుగ్గుగిన్నెడు, సాయంకాలమున నొక యుగ్గుగిన్నెడు కాచిన నీళ్ళు. అంతకు మించిన బాదములు పొంగి ప్రాణము పోవునని భయము. భ్రమరాంబ యా కొలత నొక్క చుక్కయైన దప్పనీయక యిన్ని దినములు కాపాడుచుండెను. కోడలిపైని గోపముచేత గాదు, ప్రేమచేతనే.

"ఓర్చుకోమ్మా. రెండు వాముగింజలు నములు. నేను పొద్దున్నుంచి గుక్కెడు మింగినానా?" అని యామె బుజ్జగించెను. అయ్యో పిచ్చితల్లీ! తాను గోరి పట్టిన దాహమునకును దనపై బెట్టబడిన దాహమునకును నెంత యంతరమున్నదో యా నిష్ఠాగరిష్ఠకు దెలియకపోయెను గదా! నాగరత్నము మఱి రెండుసార్లడిగెను. పిదప నడుగుట మానెను. ఆ మౌనమే భ్రమరాంబకు మఱింత బెదురు పుట్టించెను. ఆమె లేచి గడపనుండి లోనికి దొంగిచూచెను.

వెలుపల జల్లు పడుచుండెను. కోడలు కిటికీ కమ్ములనుండి చేయి సాచి చూరునుండి జాఱు వానచుక్కలను బట్టి యా చేతిని నాలుకతో నాకుచుండెను.

భ్రమరాంబ తాను వండిన వంటనంతయు దలపోసికొనెను. ఇంత దాహమెక్కడిది? ఏమి పెట్టితిని? తడబడుచు వంటయింటికి బోయి మూకుడు చూడ నడుగున నొక్క చిగురు ముక్క మిగిలియుండెను. ఎన్నడు దప్పని వ్రతమును దలపక యామె దానిని దీసి నోట వైచుకొనెను. ఉప్పు! నాలుక చుఱ్ఱుమనునంతటి ఉప్పు. "ఓసి పాపిష్ఠిదానా!" అని తన్ను దానే తిట్టుకొని మొగము బాదుకొనెను.

నీళ్ళియ్యవలయును. కాని యిచ్చుట యెట్లు? ఆమె చెల్లెలొకతె పూర్వము బాలెంతగానుండి దొంగతనముగా గుండలోని నీళ్ళు త్రాగి మూడవనాడు మరణించెను. నీళ్ళే చంపెనని తల్లి, మంత్రసాని, యూరు, అందఱు నేకకంఠముగా బలికిరి. ఆ మాట నామె యింతకాలము వేదవాక్యముగా నమ్మియుండెను. ఇచ్చినచో చెల్లెలి గతి పట్టునేమో. ఇయ్యకున్న నీ యుప్పు లోపల నేమి సేయునో. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నీళ్ళబానయొద్ద నిలిచి భ్రమరాంబ యేడ్చెను. తుదకు దన యెండిన నాలుకపై నా యుప్పు మండుచుండ, ఈ మంట దానికెంతయుండునో యని యొక్కసారి తలచి, చెంబు ముంచెను.

నీళ్ళు గోరువెచ్చగ జేసి, మైల మాట మఱచి గడప దాటి, కోడలి తల దన భుజమున జేర్చుకొని త్రాపెను. నాగరత్నము గటగట ద్రావెను. మఱియొక చెంబు, మఱియొకటి. "చాలా తల్లీ?" "ఇంకొంచెం అత్తయ్యా." అటుపిమ్మట నా ముసలిది పురిటిమంచము దిగువ గూర్చుండి కోడలి పాదములను జేతులతో నొత్తి యొత్తి చూచుచు, పొంగుచున్నవేమో, చల్లబడుచున్నవేమో యని మాటిమాటికి ముఖము పరికించుచు, మల్లయ్యదేవునికి మ్రొక్కనిమ్రొక్కు లేక మ్రొక్కుచు, నా పగలంతయు గడపెను. అడిగినప్పుడెల్ల నీళ్ళిచ్చుచునే యుండెను. ఇచ్చినప్పుడెల్ల భయపడుచునే యుండెను.

దీపములు పెట్టువేళకు బిడ్డ మరల మూలిగెను. నాగరత్నము దానిని దీసి ఱొమ్మున కానించుకొనెను. బిడ్డ రెండుమాఱులు చీకి విడిచెను. భ్రమరాంబ కన్నులు మూసికొనెను. బిడ్డ మరల బట్టుకొనెను. ఈసారి విడువలేదు. గుటుకు గుటుకుమను చిన్ని చప్పుడు వినవచ్చెను. పెదవి కొసనుండి తెల్లని చాఱ యొకటి గడ్డముమీదికి జాఱెను.

"పడినాయి! ఒరే కేశవా, పాలు పడినాయిరా!" అని యామె వేసిన కేకకు వీథిలోనివారు పరుగెత్తుకొని వచ్చిరి. ఓబులమ్మ వచ్చి చూచి నడుమున జేతులు వైచుకొని, "చెప్పలేదా నేను! పిల్లిపీచరంటే ఏమనుకున్నారు!" అని యా తీగె మహిమను నలుగురికి జాటుటకై వెడలిపోయెను. చెన్నకేశవుడు ఱేపే మఱియొక మోపు దెచ్చెదనని బయలుదేఱుటకు సిద్ధమయ్యెను. భ్రమరాంబ యుప్పుమాటయు నీళ్ళమాటయు నెవ్వరికిని జెప్పలేదు. అందఱు వెడలిన పిదప గోడలి చెంత గూర్చుండి మెల్లగా నడిగెను.

"నాగూ, మొదటి ముద్దలోనే తెలిసుంటుంది గదా నీకు. ఉప్పు కషాయమైందని ఒక్క మాట అనకూడదటే?"

నాగరత్నము బిడ్డ తల నిమురుచు బదులు పలికెను. "అంటే పారబోసేవారు. ఆయన మళ్ళీ కొండకు పోయి తెచ్చి, మీరు మళ్ళీ వండేటప్పటికి పొద్దుగూకేది. అంతదాకా ఇది ఉంటుందో లేదో అని భయమేసింది. ఉప్పయితేనేమి అత్తయ్యా, ఆ ఆకులో మన్ను పెట్టినా తినేదాన్ని."

భ్రమరాంబ పిమ్మట లేచి పోయి వంటయింటిలోని నీళ్ళబిందెను రెండు చేతుల నెత్తి తెచ్చి కోడలి మంచముప్రక్క దింపి, చెంబు దానిమీద బోర్లించెను.

"ఇంకమీద నీళ్ళకు నన్నడగవద్దమ్మా. నీ చేతికందేటట్టు ఇక్కడే ఉంటాయి" అనెను.

వాత్సల్యము భయముతో గూడినప్పుడు మనుజుడు దానముసేయు చేతితోనే తాళము వేయును. తాళము దీయుటకు శాస్త్రము చాలదు. ఎదుటివాని నాలుకపైని యుప్పు మన నాలుకకు దగులవలయును. ఆ సాయంకాలమున గుండ్లవాగు ప్రజలు పిల్లిపీచర నెంత కొనియాడిరో చెప్పనక్కఱలేదు. కొనియాడుదురుగాక. పాలు ద్రావిన బిడ్డ మాత్రము పుట్టినది మొదలు తొలిసారి కడుపు నిండి కంటినిండ నిద్రించెను.