పడమటి పాయ

స్వీడన్ యుద్ధంలో ఓడింది. క్యుమి నదికి అన్నిటికన్నా పడమటి పాయే ఇక రష్యాతో సరిహద్దని సంధిపత్రంలో రాసుకున్నారు. ఆ పాయ ఏదో తేల్చడానికి రెండు రాజ్యాల నుంచీ చెరొక అధికారి మార్కెత్తా రేవుకు వచ్చారు.

భర్త యుద్ధంలో పోయినప్పటి నుంచి రేవు పడవ నడిపేది ఆమే. ఊరికి తూర్పున నిండు పాయ, దాని అవతల లంకలో అక్క వల్పూరి కాపురం. ఊరికి పడమట ఇంకో సన్నటి పాయ. అందులో పడవ సాగితే అదే సరిహద్దు, దానికి తూర్పునున్న ఊరూ లంకా రెండూ రష్యావే. సాగకపోతే నిండు పాయే సరిహద్దు, లంక ఒక్కటే పోతుంది.

"పడమటి పాయలో నల్లరాయి ఎక్కడుందో నీకు తెలుసుగా," అన్నాడు పొరుగింటి తాహ్వో, గొంతు తగ్గించి. "అటువైపు భూములు దొరలకి పంచుతారట, మనుషులతో సహా. నీ కూతుర్ని గుర్తుపెట్టుకో."

వల్పూరి పడవ అంచు పట్టుకుంది. "రాయి తప్పించి పోనివ్వవే. ఎవరి ఏలుబడైతేనేం, ఇద్దరం ఒక్కచోట ఉంటాం. నన్నొక్కదాన్నీ అటు వదిలేస్తావా?"

మార్కెత్తా తెడ్డు అందుకుంది. అధికారులు ఎక్కారు.

"లోతు బాగానే ఉందే," అన్నాడు రష్యా అధికారి, ఊరివాళ్ల ఫిన్నిష్ భాషలో, వచ్చీరాకుండా. స్వీడన్ అధికారి ఒళ్లో కాగితాలు సర్దుకున్నాడు. గట్టు వెంబడి వల్పూరి పడవతో సమానంగా నడుస్తోంది. ముందు మలుపు. ఎడమకు తిప్పితే దారి, కుడికి తిప్పితే రాయి. మార్కెత్తా అక్క వైపు చూడకుండా తెడ్డు బలంగా లాగింది.

పడవ ధన్‌మని ఆగింది. పలక పగిలి నీళ్లు చిమ్మాయి. రష్యా అధికారి దూకాడు, మోకాలి లోతైనా లేదు.

"చేతకాక గుద్దావా, కావాలనే గుద్దావా?"

"ఏటా పడవలు ఇక్కడే ఆగిపోతాయి దొరా."

అతడు గడతో కుడివైపంతా పొడిచాడు, అంతా రాయే. ఎడమకు ఒక్క అడుగు వేశాడు. ఇంకొకటి వేస్తే మొల లోతు దొరుకుతుంది. బూట్లలోకి మంచులాంటి నీళ్లు దిగేసరికి అతడు తిట్టుకుంటూ వెనక్కి తిరిగాడు.

"ఇది పాయ కాదు, వాగు. రాసుకో," అన్నాడు స్వీడన్ అధికారితో.

వల్పూరి ఏడవలేదు. "ఆ రాయి నీకు చూపించింది నేనే," అని మాత్రం అంది.

సాయంత్రం తాహ్వో రెండు చేపలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"నీ కోసం చేయలేదు, పో," అంటూ మార్కెత్తా తలుపు వేసేసింది.

నెల తిరక్కుండా నిండు పాయ ఒడ్డున కావలివాళ్లు దిగారు, పడవ కట్టేశారు. ఆదివారం మార్కెత్తా కూతురితో ఒడ్డున నిలబడింది. అవతల వల్పూరి బిందెతో వచ్చింది. చెల్లెల్ని చూసింది, నీళ్లు ముంచుకుని వెళ్లిపోయింది. కావలివాడు గదమాయించేదాకా మార్కెత్తా అక్కడి నుంచి కదల్లేదు.