దుప్పులకు దక్కిన మెట్ట

మా పేపరు విలేకరి పెద్దిరాజుకి మంచితనం ఎక్కువ. దానికి తోడు లౌక్యం కూడా తెలుసనుకునేవాడు. ఆ రెండూ కలిసి ఒక ఊరి కొంప ముంచాయి.

1985 చలికాలం. గోదావరి ఏజెన్సీలో ఒక వాగు మీద విదేశీ బ్యాంకు అప్పుతో ఆనకట్ట కడతామన్నారు. మునిగిపోయే ఊరి నుంచి ధర్మయ్య అనే పెద్దాయన పదిమందిని వెంటబెట్టుకుని ఢిల్లీ వచ్చి, ధర్నాలు జరిగే బోట్ క్లబ్ పచ్చికలో కూర్చున్నాడు. ఆనకట్ట ఆపమని కాదు. ఊరికి పైనున్న మెట్ట తమకిస్తే అందరూ చెదిరిపోకుండా ఒక్కచోట బతుకుతామని అడగడానికి. బ్యాంకు పెద్దలు ఆ వారం ఢిల్లీలోనే ఉన్నారు. వాళ్లు చదివేది మా ఇంగ్లీషు పేపరే.

పెద్దిరాజు ఆ సంగతంతా రాసిస్తే వార్తలు దిద్దే డెస్కు తిప్పి పంపింది. నిర్వాసితుల గోడు రోజూ ఉండేదేనట, పాఠకులకి విసుగట. నేను ఆటల పేజీ చూసేదాన్ని. మా పేజీలో ఓడిన జట్టు గురించి కూడా నాలుగు ముక్కలుంటాయి.

మెట్ట మీద దుప్పులు తిరుగుతాయని ధర్మయ్య మాటల్లో ఎక్కడో అన్నాడు. పెద్దిరాజు దాన్ని పట్టుకున్నాడు. వార్తని దుప్పులతో మొదలుపెట్టి, మనుషుల్ని చివరికి నెట్టాడు. చోటు చాలకపోతే డెస్కు కత్తెర కిందనుంచే మొదలవుతుందని గుర్తుచేశాను.

"ముందు పేపర్లో పడనీ కమలా. దుప్పుల వెనకే మనుషులూ వెళ్తారు," అన్నాడు.

మర్నాడు మొదటి పేజీలో మెట్ట ఫొటోతో సహా పడింది. అడుగున సబ్బు ప్రకటన రావడంతో మనుషులున్న పేరాలు ఎగిరిపోయాయి. దుప్పుల మీద జాలితో ఢిల్లీ కరిగిపోయింది. విదేశీ పత్రికలూ అందుకున్నాయి. వారం తిరక్కుండా బ్యాంకు వాళ్లు పెద్ద హోటల్లో విలేకరుల్ని పిలిచి, పర్యావరణం పట్ల తమ బాధ్యత గుర్తించామన్నారు. మెట్టంతా దుప్పుల అభయారణ్యం అవుతుంది, అక్కడ మనుషులు ఉండకూడదు. హాలంతా చప్పట్లు. మా ఎడిటర్ పెద్దిరాజు భుజం తట్టాడు.

సాయంత్రం బోట్ క్లబ్‌కి ఒక్కడే వెళ్లలేక నన్నూ తీసుకెళ్లాడు. ధర్మయ్య దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఒళ్లో నలిగిన మా పేపరుంది. అక్షరాలు రాకపోయినా ఫొటో పోల్చుకున్నాడు.

"మా మెట్టే బాబూ. మరైతే మాకిచ్చేసినట్టేనాండి?"

పెద్దిరాజు నాకేసి తిరిగాడు. నేనే చెప్పాను. వినేవాళ్లకి అర్థమయ్యేలా, దాచకుండా చెప్పాను. చెబుతుంటే నామీద నాకే అసహ్యం వేసింది.

ధర్మయ్య కోపగించుకోలేదు. పేపరుని మడత మీద మడత పెట్టాడు.

"దుప్పుల మాట నేనే అన్నాను బాబూ," అన్నాడు మెల్లగా.

వెనక కూర్చున్న వాళ్లందరూ ఆ మాట విన్నారు. వాళ్లలో ఒక్కరూ పెద్దిరాజు వైపు చూడలేదు. ధర్మయ్యనే చూస్తూ ఉండిపోయారు.