నిర్మోహానంద గారి సంతకం

కర్నూలులోని ఆ కల్యాణమండపం ముందు మొగుడి బొమ్మ నిలువెత్తున కనిపించగానే యామినికి ఒళ్లు మండిపోయింది. గడ్డం, కాషాయం, కళ్లలో కారిపోతున్న కరుణ! కింద నవల పేరు: 'ఏసీ గది నుంచి ఏకాంతానికి'. హైదరాబాదులో పెద్ద కంపెనీ మేనేజరుగా ఉన్న అవినాష్ ఏడేళ్ల కిందట జ్ఞానం కోసం ఇల్లు వదిలాడు. ఇప్పుడు నిర్మోహానందగా నవల రాసుకొని సొంత జిల్లాకు ఊరేగుతూ వచ్చాడు. యామిని పక్కన పద్నాలుగేళ్ల కూతురు శివాని, భుజాన బట్టల సంచితో నిలబడింది. గొడవంతా ఆ సంచి గురించే.

శివాని ఆ నవలను పదేపదే చదివింది. అందులో భార్య నవ్వుతూ మొగుడికి బొట్టు పెట్టి, మీ దారికి నేను అడ్డురానంటూ సాగనంపుతుంది. "నువ్వే పంపించి, ఇన్నేండ్లూ నాయనను తిడతాండావా? ఆశ్రమంలోనే బడి ఉండాదంట. నేను నాయనతోనే పోతా" అని మొన్న తల్లి ముఖం మీదే అనేసింది.

బొట్టట, బొట్టు! ఆఫీసు పని మీద పుణె పోతున్నానంటే నమ్మి, ఆ పొద్దున చొక్కాలు ఇస్త్రీ చేసి సర్దిపెట్టింది యామిని. తర్వాత ఫోనులో ఒక్క మెసేజ్ వచ్చింది, తనను వెతకవద్దని. అప్పటి నుంచి బనగానపల్లెలో ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి బిడ్డను సాకింది. మొగుడు తాగుబోతైతే ఊరంతా అయ్యో అంటుంది. దేవుణ్ణి వెతుక్కుంటూ పోతే మాత్రం పెళ్లాన్ని పుణ్యాత్మురాలంటూ నోరెత్తనివ్వదు. అత్త వెంకటలక్ష్మమ్మ అయితే మరీనూ! "నా కొడుకు తాగి తిరగను పోలా, దేవుని కోసం పోయినాడు. నువ్వేందే ఏడ్చేది?" అని గద్దించింది. పుణ్యం వాడికి, పాట్లు ఈమెకు.

కూతుర్ని చివరికి యామినే తీసుకొచ్చింది. పంపిస్తే బిడ్డ దక్కదు, ఆపితే బిడ్డ మనసు దక్కదు. అందరి ముందూ వాడి నోటితోనే నిజం కక్కించాలని పంతం పట్టింది.

"ధ్యానంలో కూర్చున్న ప్రతిసారీ నా చిట్టితల్లి ముఖమే కనబడేది. ఆ మోహాన్ని జయించడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది" అన్నాడు నిర్మోహానంద మైకులో. శివాని కళ్లు తుడుచుకుంది. యామిని పళ్లు నూరింది. ఒక్కసారి ఫోను చేయడానికి ఏ మోహం అడ్డొచ్చిందో సిగ్గులేనివాడికి!

ఉపన్యాసం ముగిసి, సంతకాల కోసం జనం వరుసకట్టారు. యామిని విసురుగా లేచేసరికి శివాని ఆపింది.

"నువ్వు రావద్దు మా. నేనొక్కదాన్నే పోతా. నాయన నన్ను చూస్తానే గుర్తుపడతాడు, చూడు."

శివాని వంతు వచ్చింది. పుస్తకం ముందు పెట్టి, నవ్వు ఆపుకుంటూ నిలబడింది. అతను తలెత్తాడు. నేరుగా ముఖంలోకే చూశాడు.

"పేరేమి తల్లీ?"

శివాని ముఖం బాగా కనబడేలా ముందుకు వంగింది. అతను పేరు రాయకుండానే ఒట్టి సంతకం గీకి, పుస్తకం పక్కకు జరిపి, వెనకున్న పిల్ల వైపు చేయి చాచాడు.

పంతం నెగ్గినట్టే. అయినా బిడ్డ ముఖం చూసేసరికి యామిని ఆగలేకపోయింది. జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కింది.

"ఏమయ్యా సామీ! నీ బిడ్డ వచ్చి నీ ముందర నిలబడుండాది. కండ్లుండాయా నీకు?"

పెళ్లాన్ని చూడగానే అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. కానీ సభంతా చూస్తోంది. గబుక్కున లేచి, కళ్లనిండా నీళ్లు తెచ్చుకొని, "అమ్మా శివానీ!" అంటూ ఎదురుగా ఉన్న పిల్లను గుండెలకు హత్తుకున్నాడు. హాలంతా చప్పట్లు మోగాయి. ఎవరి బిడ్డో పాపం, బిత్తరపోయి విదిలించుకోబోయింది.

పక్కనే ఉన్న శివాని ముందుకు వచ్చి అతని మోచేయి పట్టుకుంది.

"ఆ పాపను ఇడిచిపెట్టు సామీ. భయపడతాండాది."