కామేశ్వరరావు వేషం

రేపల్లెలో కూతురు చదివే ప్రైవేటు స్కూలుకి ఆ రోజు నాగజ్యోతి కొత్త చీర కట్టుకుని వెళ్లింది. పేరెంట్స్ మీటింగు. హాసిని ఎనిమిదో తరగతి, మార్కులు అంతంత మాత్రం. ప్రిన్సిపాల్ కామేశ్వరరావు పక్కకి పిలిచి నాలుగు మాటలంటాడు, విని తలూపి రావడమే కదా అనుకుంది.

ఆయన పక్కకి పిలవలేదు. హాసినిని స్టేజీ ఎక్కించి, సబ్జెక్టువారీగా మార్కులు మైకులో చదివాడు.

"ఈ బుర్రలో ఉన్నదంతా మట్టేనండీ. అమ్మా, మీది చెరుకుపల్లి వైపు వ్యవసాయం కదా? ఈ మట్టిలో వరి నాటుకోండి, బాగా పండుద్ది."

హాలు హాలంతా నవ్వింది. హాసిని కూడా ఏం చెయ్యాలో తెలియక నవ్వింది. మర్నాడు ఫోన్ చేసి టీసీ తీసుకెళ్లమన్నారు. పదో తరగతికొచ్చేసరికి స్కూలు రిజల్టు పాడవుద్దట.

నాగజ్యోతి ఏడవలేదు. పుట్టింట్లో ఆమెకి పాముపగ అని పేరు. గట్టు తగాదాలో మాట తూలిన పెదనాన్నతో ఆయన పోయేదాకా మాట్లాడని మనిషి. పిల్లని గవర్నమెంటు హైస్కూల్లో చేర్పించి, ఆ నవ్వుని మనసులో దాచుకుంది.

ఒక సాయంత్రం పప్పుకి తాలింపు పెడుతుంటే హాల్లోంచి కామేశ్వరరావు గొంతు వినిపించింది. గరిటె పట్టుకునే పరుగెత్తింది. హాల్లో హాసిని తప్ప ఎవరూ లేరు. లేని కళ్లజోడుని ముక్కు మీదికి తోసుకుంటోంది. మాటకి ముందు గొంతు సవరించుకుంటోంది. మునివేళ్ల మీద లేచి దిగుతోంది. అచ్చం ఆయనే. వెనక తాలింపు మాడిపోతుంటే నాగజ్యోతి పడీపడీ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అడిగింది.

"ఇంకెవరినైనా చేస్తావా?"

పక్కింటి సుబ్బాయమ్మ నడక, బండి స్టార్టు కానప్పుడు తండ్రి రాజీవ్ విసుగు, ఒక్కటీ వదల్లేదు హాసిని. ఇన్నాళ్లూ ఇదంతా కోతిచేష్టలని కసిరింది తనే. ఇప్పుడు మాత్రం, కామేశ్వరరావు వేలితో ఆయన కన్నే పొడిపించాలి అనుకుంది.

తెనాలిలో రంగనాయకులు మాస్టారు పిల్లలకి నాటకాలు నేర్పుతారని తెలిసి, ఆదివారం వస్తే చాలు కూతుర్ని తీసుకుని రైలెక్కేది.

"మార్కులు రాకపోతే ట్యూషన్ పెట్టిస్తారుగానీ నాటకాలేంటి?" అన్నాడు రాజీవ్.

"నాకు పనుంది," అంది.

మాస్టారు హాసినిని చూసి మురిసిపోయారు. "మనుషుల్ని చదివే పిల్ల అమ్మా ఇది. ఆ చదువుకి మార్కులుండవు. కానీ పైపైన దించితే మిమిక్రీ అవుతుంది. ఆ మనిషి ఎందుకలా చేస్తాడో కూడా చూడాలి."

"అంత లోతు వద్దండి. ఆయన్ని చూసి జనం నవ్వితే చాలు."



చూడటమేగా కావాల్సింది అని, నాగజ్యోతే హాసినిని సాయంత్రాలు ఆ స్కూలు ఎదుటి జిరాక్స్ షాపు మెట్ల మీద కూర్చోబెట్టేది. కిటికీలోంచి ప్రిన్సిపాల్ గది కనబడుతుంది అక్కడికి. "ఆయన తుమ్మినా వదలొద్దు," అని చెప్పింది.

వేసవిలో తెనాలిలో పిల్లల నాటిక పోటీలు పెట్టారు. చదువుల మీద చిన్న నాటిక, అందులో ప్రిన్సిపాల్ వేషం హాసినిది. పళ్లు, ఆహ్వానపత్రిక పట్టుకుని నాగజ్యోతి స్వయంగా కామేశ్వరరావు దగ్గరికెళ్లింది.

"మా అమ్మాయి మీ దగ్గర చదివిందండి. బహుమతులు మీ చేతుల మీదుగా ఇప్పించాలని కమిటీవాళ్లని నేనే అడిగానండి."

ఆయన పొంగిపోయాడు. "తప్పకుండా వస్తానమ్మా. ఏ ర్యాంకు మీ అమ్మాయిది?"

తననీ, తన బిడ్డనీ ఆయన గుర్తే పట్టలేదు. అన్న మాట కంటే ఆ మరుపు ఎక్కువ మండించింది ఆమెని.

ఆ రోజు నాగజ్యోతి సరిగ్గా ఆయన వెనక వరసలో కూర్చుంది. హాసిని స్టేజీ మీదికొచ్చి కళ్లజోడు తోసుకోగానే, స్కూలు తెలిసిన వాళ్లు గొల్లుమన్నారు. మట్టీ, వరీ అనేసరికి హాలంతా ఊగిపోయింది. నాగజ్యోతి స్టేజీ చూడలేదు, ఆయన మెడనే చూస్తోంది. అది ఎర్రబడింది. ప్రాణం లేచొచ్చింది ఆమెకి.

అప్పుడు స్టేజీ మీద ఫోన్ మోగింది. రాసిన నాటికలో ఆ ఫోన్ లేదు. హాసిని కుర్చీలోంచి చటుక్కున లేచి నిలబడింది. "సార్... అవును సార్. ఈ ఏడు ర్యాంకులు తగ్గాయి సార్... నా పిల్లలున్నారు సార్, ఈ ఒక్క ఏడాది చూడండి సార్..." వినిపించని ప్రతి తిట్టుకీ నడుం కొంచెం వంగుతోంది. ఫోన్ పెట్టేసి, చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకుని అంది. "ఏదీ, ఆ మట్టి బుర్రని పిలవండి."

హాల్లో నవ్వు తెగిపోయింది. కామేశ్వరరావు తల వంచుకున్నాడు.

ఉత్తమ నటి బహుమతి హాసినిదే. షీల్డు ఆయనే ఇచ్చాడు. "ఎప్పుడు చూశావమ్మా నన్నట్టా?" అన్నాడు. పక్కకొచ్చి నిలబడ్డ నాగజ్యోతిని చూసి, "మళ్లీ మా స్కూలుకే పంపండమ్మా, నేను మాట్లాడతాను," అన్నాడు.

"వద్దండి. మట్టి బుర్ర. మీ రిజల్టు పాడవుద్ది," అంది నాగజ్యోతి అందరూ వినేలా. ఆ మాట ఎన్నాళ్లుగానో నోట్లో నానబెట్టుకుంది.

తిరుగు రైల్లో కూతురి మీద విరుచుకుపడింది. "నవ్వేవాళ్ల నోళ్లు మూయించావు కదే! ఎవరు పెట్టమన్నారు ఆ ఫోన్?"

"పైవాళ్ల ఫోన్ వస్తే ఆయన నిజంగానే లేచి నిలబడతాడమ్మా. మెట్ల మీంచి చూశాను. చెమటలు పడతాయి కూడా."

"పట్టనీ."

ఎవరో తీసిన వీడియో ఫోన్లన్నీ తిరిగి యాజమాన్యం దాకా పోయింది. కామేశ్వరరావుని ప్రిన్సిపాల్‌గా తీసేసి, బాపట్ల బ్రాంచిలో మామూలు లెక్కల మాస్టారుగా వేశారు. కబురు తెలిసిన రోజు నాగజ్యోతి పూతరేకులు తెప్పించింది. హాసిని ముట్టుకోలేదు.

"ఫోన్లో ఆయన్ని తిట్టినవాళ్లు కుర్చీల్లో బాగానే ఉన్నారుగా. ఆయన్నొక్కడినే తీసేయించడానికా నాతో ఆ వేషం వేయించావు?"

"నిన్ను అంతమందిలో అంత మాటన్నాడే!"

"నన్నన్నాడు. నాకు కోపం వచ్చింది, పోయింది. నీకు పోవట్లేదు. ఇంక నీ కోపానికి నేను వెయ్యనమ్మా. నాకు వెయ్యాలనిపించిన వేషమే వేస్తాను."

పిల్ల అంత సూటిగా మాట్లాడటం నాగజ్యోతి ఎప్పుడూ వినలేదు. చెయ్యి లేచింది గానీ కొట్టలేకపోయింది. ఇది నన్ను కూడా చదివేసిందే అనుకుంది.

ఆదివారం మళ్లీ తెనాలికి టిక్కెట్లు తీసింది. మాస్టారు కొత్త నాటిక మొదలుపెడుతున్నారు. అందులో ఎవరి వేషమని ఆమె అడగలేదు, హాసిని చెప్పలేదు. కామేశ్వరరావు మీద కోపం మాత్రం అట్టాగే ఉంది. బాపట్ల పేరు వినబడితే ఇప్పటికీ ఆమెకి నోట్లో తియ్యగా ఉంటుంది. ఆ మాట కూతురి దగ్గర అనదు.