రెండింతల ఇల్లు

హలో, అన్నలూ అక్కలూ, అందరికీ వినబడుతోందా? తిన్నారా? చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి. ఇది మా చెల్లెలు రాజశ్రీ సంగతి. ఊరికే నా నోటికొచ్చింది కాదు, తనను అడిగే చెబుతున్నాను.

రాజశ్రీని ఆదోనిలో ఇచ్చాము. ఒకరోజు పొద్దున్నే తను ఇల్లు తుడుస్తోంది. మొగుడు గంగాధర బట్టల అంగడికి బయలుదేరుతూ, తడి నేల మీద చెప్పులతోనే నడిచి, గడప దగ్గర ఆగాడు.

"మే, కొత్తిల్లు మొదలైతే ఎమ్మిగనూరు పోయేది నిలిపేయల్ల నువ్వు. ఇల్లు రెండింతలయితాది, పనీ రెండింతలయితాది. ఇంగ బస్సుల్లో తిరిగేదానికి నీకు పొద్దు యాడుంటాది?"

రాజశ్రీ ఆయన చెప్పుల అచ్చులు మళ్లీ తుడిచింది.

ఎమ్మిగనూరులో ఒక చేనేత సంఘం ఉంది. సోమవారం, గురువారం తను అక్కడికి పోయి చీరల అంచులకూ దుప్పట్లకూ గ్రాఫు కాగితం మీద డిజైన్లు గీస్తుంది. ఇంట్లో అందరూ దాన్ని "తిరిగేది" అంటారు. అక్కడ మగ్గాల వాళ్లు తనను "రాజక్కా" అని పిలుస్తారు. ఎవరో పెట్టిన టీ తన చేతికి వస్తుంది. తాగి గ్లాసు కింద పెడితే, కడగమన్నట్టు ఎవరూ చూడరు. ఆదోనిలో తనకు పేరు లేదు. మొగుడికి "మే", మామకు "ఏమమ్మా". బస్సు దిగి సంఘం గేటు దాటే దాకా ఆ రెండు పిలుపులూ చెవుల్లోనే ఉంటాయట, లోపలికి పోయి పెన్సిలు చెక్కుకున్నాక పోతాయట. రెండింతల పని అంటే ఇంకో గంట ముందు లేవాలి, ఇంకో గంట ఆలస్యంగా పడుకోవాలి. చేయగలనేమో, బస్సు మాత్రం తప్పిపోతుంది. ఆయన చెప్పినదాంట్లో తప్పేముంది, లెక్క లెక్కే కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఏడుపు కూడా రాలేదంట. అదే భయం వేసిందంట తనకు.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. మామ పాండురంగయ్యకు ఆ ఇల్లు బాగా కలిసొచ్చింది. పక్కనా వెనకా స్థలం దొరికితే, పాతది పడగొట్టి పెద్దది కడదామన్నాడు. కానీ ఒకే పట్టు. "ఆకారం చెడగూడదప్పా. దేవునిగూడుండే ఈశాన్యం మూల కదలగూడదు. ఆ మూల నుంచి ప్రతి గోడా రెండింతలు సాగల్ల, అంతే." వంటింటికి ఇంకో కిటికీ పెడితే బాగుంటుందని రాజశ్రీ అంటే, "వంటింట్లోకి ఎవరు తొంగి చూడొస్తారమ్మా?" అని నవ్వాడు.

కూతురు అపూర్వ పదో తరగతి. సరూప ఆకారాల పాఠానికి ఏదైనా నమూనా చేసుకురమ్మని సారు చెబితే, పాతిల్లూ కొత్తిల్లూ రెండూ చేస్తానంది. అడుగుకు అర అంగుళం లెక్క. వంటింటి నేల మీద అట్టలు, కత్తెర, జిగురు పరుచుకున్నారు తల్లీకూతుళ్లు. పాతింటి నమూనా తొందరగానే అయిపోయింది. కొత్తింట్లో చిక్కొచ్చింది. ముందర వాలుగా ఉండే రేకుల చూరుంది చూడండి, ఆ వాలు కోణాన్ని కూడా అపూర్వ రెండింతలు చేసేసింది. రేకు మేకచెవి మాదిరి కిందికి వేలాడింది.

"కోణం పెరగదు పాపా," అంది రాజశ్రీ. "గోడలు సాగుతాయి, కోణం అట్లే ఉంటాది. అది మారితే పోలిక పోతాది."

"నీకెట్ల తెలుసమ్మా?"

రాజశ్రీ జవాబుగా అట్ట మీద పాతిల్లు గీసి, దాని ఈశాన్యం మూలలో గుండుసూది గుచ్చి, దానికి దారం కట్టింది. సూది నుంచి పాతింటి ఒక్కో మూలకు దారం లాగి, అంతే పొడవు ఇంకోసారి ముందుకు సాగించి చుక్క పెట్టింది. చుక్కలు కలిపితే కొత్తిల్లు వచ్చి కూర్చుంది, అచ్చం పాతింటి పోలికతో.

అది మా నాయన పద్ధతి. ఎమ్మిగనూరులో మా ఇంటి ముందరి గదిలో గుంట మగ్గం ఉండేది. వానాకాలం నూలు బిగుసుకుపోతే మగ్గం ఆపి, నాయన నేల మీద సుద్దతో హంసలు గీసేవాడు. చిన్న హంస ముక్కు దగ్గర మేకు కొట్టి, దారం చెల్లెలి చేతికిచ్చేవాడు. నేను వీధిలో బిళ్లంగోడు ఆడుతుంటే, అది కిటికీలోంచి వచ్చే తడి వెలుతురులో మోకాళ్ల మీద పాకుతూ, రెక్కకొక చుక్క, తోకకొక చుక్క పెట్టేది. పెద్ద హంస పూర్తయినాక నాయన దూరంగా నిలబడి, "ఒకే తల్లి పిల్లల మాదిరుండాయి గదే" అనేవాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఆ గంజి వాసన ముక్కులో తిరుగుతుందట తనకు. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ పనికి పిలవలేదు, పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ తేడా పెళ్లయినాక గానీ తెలియలేదంది.

మరుసటి సాయంత్రం అపూర్వ చిన్నబుచ్చుకుని కూర్చుంది. నేలకు అతికించడానికి టైల్సు అచ్చున్న కాగితం తెచ్చింది. పాతింటికి ఒక షీటు సరిపోయింది. కొత్తింటికి రెండు తెస్తే సగం నేల బోసిగానే ఉంది.

"అంగడాయన చిన్న షీట్లిచ్చినాడమ్మా. మోసం!"

రాజశ్రీ నవ్వబోయి ఆగిపోయింది. పొడవు రెండింతలు, వెడల్పు రెండింతలు. నేల నాలుగింతలు. తనకు తెలియనిదా? చిన్న హంసకు ఒక కండె పట్టిందని, పెద్ద హంసకు తెల్ల నూలు రెండు కండెలే చుట్టిపెట్టి, మగ్గం మధ్యలో నూలు అయిపోతే, "హంస రెండింతలైతే నూలు నాలుగింతలు తింటాది కూతురా" అని నాయన చేత చెప్పించుకున్న పిల్లే కదా తను! మరి గడప దగ్గర మొగుడు రెండింతలు అంటే ఎట్లా నమ్మింది? సంఘంలో రోజూ చేసే లెక్క, తన చీపురు దగ్గరికొచ్చేసరికి ఎందుకు తట్టలేదు? తన పనిని తను కూడా ఎప్పుడూ కొలవలేదు, అందుకని.

అంతలో అపూర్వ మట్టితో మనుషులను చేసి రెండు ఇళ్లలోనూ పెట్టింది. కొత్తింటి వంటింట్లో అమ్మ బొమ్మ ఎక్కడో మూల చీమలాగా ఉంది.

"ఈడ నన్ను ఇంత చిన్నగా చేసినావేమే?"

"చిన్నగా యాడ చేసినా? రెండింట్లోనూ అదే కొలత. ఇల్లు సాగుతాది గానీ, నువ్వు సాగవు గదమ్మా."

రాజశ్రీ ఆ బొమ్మను వేలితో తాకి, కత్తెర చేతిలోకి తీసుకుంది.

ఆదివారం రెండు నమూనాలూ నడింట్లో బల్ల మీద పెట్టారు. పాండురంగయ్య అద్దాలు పెట్టుకుని చుట్టూ తిరిగి చూశాడు. "శభాష్ పాపా! ముందరి ముఖం సూడు, ఎంత ఠీవిగుందో!"

గంగాధర పెళ్లాం వైపు తిరిగాడు. "గురువారం పోయి సంఘమోళ్లకు సెప్పేసిరా, ఇంగ రానని."

రాజశ్రీ పాతింటి కొలతకు కత్తిరించిన అట్టలు ఆయన చేతిలో పెట్టింది. "ఒక్కోటి మన ఇప్పటి ఇల్లు. కొత్తింట్లో ఎన్ని పడతాయో పెట్టి చూడండి."

"రెండు. ఇంగెన్ని?" రెండు పెట్టాడు. సగం ఖాళీ. మూడోది పెట్టాడు. నాలుగోది కూడా సరిగ్గా ఇమిడింది. "ఏందిది, కొలత తప్పినారు."

"తప్పలేదు నాయనా," అంది అపూర్వ. "పొడుగూ సాగింది, వెడల్పూ సాగింది. సారు కూడా చూసినారు."

గంగాధర గొంతు సవరించుకున్నాడు. "అట్లయితే పనిమనిషిని పెడదాంలే."

"దేవునింట్లోకి, వంటింట్లోకి బయటి మనిషా? నేనుండంగ జరగదు!" అన్నాడు పాండురంగయ్య.

"సరే మామా, బయటోళ్లు వద్దు," అంది రాజశ్రీ. గొంతు పెంచలేదు. "నేల నాలుగింతలు. ఇంట్లో మనం నలుగురం. తలా ఒక పాతిల్లు. ఇప్పుడు నేను చేస్తాండేది ఒక పాతిల్లే, దాంట్లో కొంచెం కూడా తగ్గించను. గురువారం మాత్రం బస్సుకు పోతా."

"ఏందే, మా నాయన చేతికి పొరక ఇస్తావా?" అన్నాడు గంగాధర, మూలనున్న చీపురు చూపిస్తూ.

"మామకు దేవునింటి తట్టు ఇచ్చినాను. మీకు ముందరి ముఖం."

అపూర్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గంగాధర తండ్రి వైపు చూశాడు, ఏదో ఒకటి అనమన్నట్టు. పాండురంగయ్య మాత్రం ఈశాన్యం మూలలో పడిన అట్టను, తన వంతును, వేళ్లతో కొలుచుకున్నాడు. ఆఖరికి మనుమరాలి దగ్గరికి వంగి, మెల్లగా అడిగాడు.

"పాపా, ఒకటిన్నర ఇంతలు సాగిస్తే నేల ఎంతయితాది?"

"రెండుంబావు తాతా."

"అసలు సాగించకుంటే?"

ఇంకా ప్లాను తేలలేదు. గురువారం మాత్రం రాజశ్రీ బస్సెక్కింది.

మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా ఇల్లు కట్టబోతుంటే ఇది వాళ్లకు పంపండి. ముగ్గు పోయకముందే పంపండి, గోడలు లేచినాక విని ఏం లాభం? ఇంటాయనకు మాత్రమే కాదు, ఇంటామె ఫోనుకు కూడా పంపండి.