మేస్త్రీ వేసిన సోడా

మధ్యాహ్నం మూడింటికి కాలుష్య నియంత్రణ అధికారి వస్తుంది. మురుగునీళ్లలో రంగు మోతాదు మించితే అద్దకం షెడ్డుకు తాళమే. ఇప్పటికే రెండుసార్లు పరీక్ష తప్పారు.

పొద్దున తొమ్మిదింటికి కోడలు మురుగునీళ్ల తొట్టి మూత తీసింది. వెనక నిలబడ్డ మేస్త్రీ తొంగిచూశాడు. నిన్న ఆమె కలిపిన ఈస్ట్ ఈపాటికి రంగును సగానికి పైగా పట్టేసి ఉండాలి. నీళ్లు మాత్రం సిరాలా ఉన్నాయి.

"ఒక్క బుడగ లేదు. మామయ్యా, ఇందులో ఎవరైనా ఏమైనా వేశారా?"

వేసింది మేస్త్రీయే. పొద్దున షెడ్డులోకి రాగానే రంగునీళ్ల తొట్టి కంటబడింది. గుడ్డకు రంగు నిలవాలంటే బట్టల సోడా పడాల్సిందే. ముప్ఫై ఏళ్ల అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే బకెట్ నింపి గుమ్మరించింది. తొట్టిలో గుడ్డే లేదన్న సంగతి తట్టనే లేదు.

చెబితే పరువు పోతుంది. ఆమె ఈస్ట్ తెచ్చిన రోజున, "రొట్టెలు పొంగించేదానితో మురుగు కడుగుతుందట మా కోడలు" అని పనివాళ్ల ముందు నవ్వింది తనే మరి.

"పారబోసి మళ్లీ మొదలెట్టాలి. మూడింటికల్లా అవదు," అంటూ ఆమె తూము మీద చెయ్యి వేసింది.

"ఆగమ్మాయ్," అన్నాడు మేస్త్రీ. "సోడా వేసింది నేనే."

తిడుతుందనుకున్నాడు. ఆమె మొహం తేటపడింది.

"సోడానే కదా? బ్లీచింగ్ కాదుగా?"

"సోడానే. బకెట్ నిండా."

"బతికించారు. ఈస్ట్ చచ్చిపోయినా ఫరవాలేదు మామయ్యా. దాని ఒంటికి రంగు అంటుకోవడానికి ప్రాణం అక్కర్లేదు, నీళ్లు పుల్లగా ఉంటే చాలు. మీ సోడా ఆ పులుపు విరిచేసింది, అంతే. ఉన్ని అద్దకానికి వాడే యాసిడ్ ఎంతుంది?"

"రెండు క్యాన్లు. అయినా చచ్చాక కూడా పనిచేస్తుందా? మన షెడ్డులో బతికున్నవాళ్లే చెయ్యరు."

ఆమె ఫక్కున నవ్వింది.

మేస్త్రీ యాసిడ్ కొంచెం కొంచెంగా వంచాడు. ఆమె పులుపుకు రంగు మారే కాగితం ముక్క ముంచి చూసింది. ఉన్న ఈస్టంతా తెచ్చి కలిపారు. మధ్యాహ్నం దాకా మేస్త్రీ తెడ్డు వదల్లేదు, అన్నానికీ లేవలేదు. ఒంటిగంటకు కలపడం ఆపారు. నీలిరంగు పట్టిన ఈస్ట్ బురదలా అడుక్కి దిగింది. పైనీళ్లను దళసరి గుడ్డలో వడకట్టి, కాస్త సోడాతో పులుపు విరిచారు.

అధికారి వచ్చి సీసా నింపింది. చిన్న మీటరులో పెట్టింది. మీటరు మీద అంకె నిలబడింది.

"హద్దులోనే ఉంది. తాళం అక్కర్లేదు," అంటూ ఆమె కాగితం తీసింది. "నీళ్ల బాధ్యత ఎవరిది? ఎప్పట్లాగే మీ పేరేనా?"

"కాదండీ, మా కోడలి పేరు రాయండి. పొద్దున పాడుచేసింది నేను, బాగుచేసింది తను."

"మామయ్యా, అవన్నీ ఆవిడకెందుకు?" అంది కోడలు మెల్లగా.

"ఎవరో ఒకరికి చెప్పుకోనియ్యి తల్లీ," అన్నాడు మేస్త్రీ. "నీకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు."