ఇంటిమీది పాలపళ్లు

పొద్దున్నే కళ్లాపి చల్లేముందు నారాయణమ్మ ఇంటిచుట్టూ తిరిగి, తలెత్తి తాటాకు కప్పు చూస్తుంది. వాళ్లమ్మ దాలమ్మ అలాగే చూసేది. దాలమ్మ తల్లీ అలాగే చూసేది.

పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటిమీదికి విసరడం కోటబొమ్మాళి చుట్టుపక్కల అందరూ చేసే పనే. ఈ ఇంటిమీద పడిన పళ్లు మాత్రం బతికే ఉంటాయి. ఎవరి పన్ను పుచ్చడం మొదలైతే వాళ్ల పాలపన్ను పడినచోట ఆకు నల్లబడి నీరు కారుతుంది. ఎన్నిసార్లు కొత్త ఆకు కప్పినా పళ్లు చోటు మారవు. నారాయణమ్మ కూతురు పద్మకుమారి బెల్లంముక్క బుగ్గన పెట్టుకుని పడుకుంటే, తెల్లారేసరికి దాని కిందివరస పళ్లు పడిన పడమటి చూరు చెమ్మగిల్లుతుంది.

"ఒసే గుంటా, లెగు. ఉప్పునీల్లు పుక్కిలించు. ఏపపుల్ల నమిలి, అప్పుడు గెంజి తాగు. లేపోతే మీ అయ్య మల్లీ నిచ్చినెక్కాల," అని లేపుతుంది నారాయణమ్మ.

అయ్య నూకయ్య, దాలమ్మకి అన్నకొడుకు. ఇల్లరికం వచ్చాడు. అతని పాలపళ్లు పుట్టినూళ్లో కప్పుమీదే ఉండిపోయాయి గనక అతని పంటినొప్పి ముందుగా ఎవరికీ తెలీదు. బుగ్గ వాచాకే తెలుస్తుంది.

"పల్లు మీయమ్మ కాడ ఒగ్గీసి, ఉట్టి నోరట్టుకొచ్చినావురా," అని దాలమ్మ వెక్కిరిస్తుంది.

దాలమ్మ ఈ ఇంట్లోనే పుట్టింది. ఊడ్పుల్లో చేతులనిండా నారు, నెత్తిమీద వాన. చుట్ట ఆరిపోకుండా నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి పెట్టుకోవడం పెళ్లికి ముందే నేర్చుకుంది. అడ్డపొగ అంటారు దాన్ని. ఊళ్లో సగంమంది ఆడవాళ్లు అలాగే కాలుస్తారు.

ఆ ఏడు, ఊళ్లోకి కరెంటు స్తంభాలొచ్చిన ఏడు, ఉగాది దాటాక తూర్పుమూల కప్పులోంచి పొగ రావడం మొదలైంది. మంట లేదు. ఆకులో చిల్లు, చిల్లు అంచున ఎరుపు, సన్నటి పొగ. అది దాలమ్మ పళ్లు పడిన మూల.

నూకయ్య నిచ్చెనెక్కి కాలిన ఆకు లాగేసి కొత్తది కట్టాడు. నాలుగురోజులకి అదీ కాలింది. పచ్చి ఆకు వేశాడు. బురద మెత్తాడు. తడిపిన గోనె పరిచాడు. ఇంటిల్లిపాదీ కప్పు గురించే దిగులుపడ్డారు. కప్పు నిలిస్తే దాలమ్మ నోరు కూడా కుదుటపడుతుందని వాళ్ల నమ్మకం. ఆమె కారం మానేసిందని, గంజి చల్లార్చుకుని తాగుతోందని చూశారు గాని, నోరు తెరిపించి ఎవరూ చూడలేదు.

నూకయ్య బుగ్గ వాచినందుకు కంపౌండరు గణపతిరావు వచ్చాడు. ఆ ఇంటికొస్తే ముందు కప్పు చూసి తరవాత నోరు చూడటం అతని అలవాటు. తూర్పుమూల దగ్గర ఆగిపోయాడు.

"దాలమ్మా, నోరు తెరు."

"నానేటి సంతలో ఎద్దునా, పల్లు సూసి కొంతావా?"

"పళ్లు కాదు. అంగిలి చూడాలి."

తెల్లటి మచ్చల మధ్య మానని పుండు కనిపించింది.

"నొప్పి లేదు బాబూ. నొప్పి లేంది రోగమేటి?" అంది దాలమ్మ.

"నొప్పి లేకుండా మానని పుండే చెడ్డది. చుట్ట ఆపేసి విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్లు. ఇప్పుడైతే కోసి తీసేస్తారు. ఆలస్యం చేస్తే వాళ్లూ ఏమీ చెయ్యలేరు."

"కొయ్యించుకోడానికి నానేటి ఆనపకాయనా? ఊడుపులయ్యేక సూద్దాం."

అతను నూకయ్య పన్ను పీకి వెళ్లిపోయాడు. నూకయ్య నోట్లో దూది పెట్టుకుని నిచ్చెన కింది మెట్టుమీద కూలబడ్డాడు.

"అత్తా, నానింక ఎక్కలేను. నీ నోట్లో నిప్పు ఆరీదాకా ఎన్నాకులేసినా ఒకటే."

"ఇల్లరికం వచ్చినోడికి ఇల్లు కప్పడం కన్నా పనేటుందిరా?"

నూకయ్య లేచాడు. నిచ్చెన తీసి పశువులశాలలో పడేశాడు.

మామిడిపళ్ల రోజుల్లో టెంక చీకుతుంటే పద్మకుమారి పైవరస ముందుపన్ను ఊడింది. పైవరసలో మొదటి పన్ను కాబట్టి ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం తూర్పువైపు విసిరింది. పేడముద్ద ఆకుమీద దొర్లి, చిల్లులోంచి జారి, లోపల చుట్ట కాలుస్తూ కూర్చున్న దాలమ్మ గంజితపేలా పక్కన పడింది.

పిల్ల పరుగున వచ్చి ఏరుకుపోయి మళ్లీ విసిరింది. మళ్లీ అక్కడే పడింది.

నారాయణమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. కప్పు పట్టని పన్నుకి బదులు కొత్తది మొలవదు. దాలమ్మ చెల్లెలి పన్ను అలాగే జారిపోతే, ఆ సందు చచ్చేదాకా సందుగానే ఉండిపోయింది.

"అమ్మమ్మా, నాకు పన్ను రాదేటి?" అంది పిల్ల.

దాలమ్మ పేడ విడదీసి పన్ను కొంగుతో తుడిచింది. తలెత్తి చూసింది. చిల్లులో ఇంత ఆకాశం, దానికి అడ్డంగా తన పొగ. నోట్లో చుట్ట తీసి గంజిలో ముంచింది. చుయ్యిమంది. పైన పొగ సన్నబడి ఆగిపోయింది.

"ఒరే నూకయ్యా, ఇశాపట్నం రైలెప్పుడురా?"

"మజ్జేన్నం ఉన్నాది."

"మరి కూకున్నావేటి? లెగు." పన్ను కొంగున ముడేసుకుంది. "ఇది నా కాడుంటాదే గుంటా. నానొచ్చేక ఇసురుదువు."

విశాఖపట్నంలో ఆమె అంగిట్లో కొంత కోసి తీసేశారు. ఊడ్పులు సగమయ్యాక తిరిగొచ్చింది. మాట ముక్కులోంచి వస్తోంది. తిన్నప్పుడల్లా ఉప్పునీళ్లతో పుక్కిలించాలి. చూడవచ్చిన ఆడవాళ్లు చుట్టలు చేత్తో పట్టుకుని ఆమె నోట్లోకి తొంగిచూశారు. కొందరు అక్కడే పారేశారు, కొందరు మళ్లీ నోట్లో పెట్టుకుని పొలానికి పోయారు.

నూకయ్య నిచ్చెన తెచ్చుకున్నాడు. చిల్లు అంచులు చల్లగా ఉన్నాయి. కట్టిన ఆకు నిలిచింది. పద్మకుమారి విసిరిన పన్ను పైనే ఉండిపోయింది.

కాని చిల్లు పూర్తిగా పూడలేదు. వాన పడితే ఆ మూల కారుతుంది. దాలమ్మ గంజి తాగితే కొంత ముక్కులోంచి కారుతుంది. ఒక ముసురునాడు రెండూ ఒకేసారి కారుతుంటే నూకయ్య అలసటగా నిచ్చెనవైపు చూశాడు.

"కారనీరా," అంది దాలమ్మ. "కాలకపోతే సాలు."

చినుకుల కింద గిన్నె పెట్టి మనవరాలిని దగ్గరికి లాక్కుంది. చెయ్యి కడుక్కుని, పిల్ల నోరు తెరిపించి పన్నూడిన చోట చిగురుమీద వేలు పెట్టింది. బియ్యపునూకంత గరుకు తగిలింది.